బస్సు దిగిన వాన

"బస్సు దిగుతూ, వాన నన్ను తడిపింది."
ఇంగ్లీషులో నేను రాసిన వాక్యం ఇది.
మొయినుద్దీన్ సారు కళ్లజోడు పైకి తోసి
"దిగింది ఎవరమ్మా, వానా?" అన్నాడు.
అమీర్‌పేటలో మూడో అంతస్తు,
తిరగని ఫ్యాను కింద అరవై మంది నవ్వారు.
నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

మనకైతే 'దిగుతుంటే' ఉంది సార్.
ఆ ఒక్క 'తుంటే' చాలు,
దిగేవాళ్లు దిగుతారు, కురిసేది కురుస్తుంది.
ఇంగ్లీషు విశేషణం అలా కాదు,
నుమాయిష్‌లో తప్పిపోయిన పిల్లలాగా
పక్కన ఎవరుంటే వాళ్ల చెయ్యి పట్టుకుని
అమ్మా అనేస్తుంది.

'ఓన్లీ' అయితే మరీను.
నేను మాత్రమే తమ్ముడికి ఫీజు కట్టాను.
నేను తమ్ముడికి మాత్రమే ఫీజు కట్టాను.
నేను తమ్ముడికి ఫీజు మాత్రమే కట్టాను, కిరాయి ఆగింది.
జూన్‌లో మూడూ నిజమే.
పరీక్షలో ఒక్కదానికే మార్కు.

రాత్రి డ్యూటీలో
ఇంజెక్షన్ ట్రే పక్కన పుస్తకం తెరిచి
నా గుర్తింపు కార్డు చదివాను:
తాత్కాలిక స్టాఫ్ నర్సు, జి. ప్రిసిల్లా.
ఆరేళ్లయింది,
ఆ మొదటి మాట దేనికి అంటుకుందో తెలీదు,
ఉద్యోగానికా, నర్సుకా, నాకా.
సారుని అడగలేదు. సిలబస్‌లో లేదు.

పరీక్ష రోజు మౌలాలిలో
బస్సు దిగుతుంటే మళ్లీ వాన.
హాల్ టికెట్ కొంగు కింద దాచుకున్నాను.
దిగింది నేనే, సార్.
వాన
ముందు స్టాపులోనే దిగి
నడుచుకుంటూ వచ్చింది.