ఒక చెయ్యి ఆవిడది

బెల్మాంట్ రేవుకి పడవ రావడానికి
పద్దెనిమిది నిమిషాలు.
ఇంజను ఆపేస్తాను. హీటరూ ఆగుతుంది.
సీటు కింద రొట్టెల డబ్బా తీస్తాను.
అందులో రొట్టెలుండవు.

పద్దెనిమిది నిమిషాలంటే
పసిబిడ్డ టోపీకి అంచు, నాలుగు వరసలు.
గాలి ముదిరి పడవ రద్దయితే
టోపీ చెవులదాకా వస్తుంది.
మొన్న జనవరిలో మూడు రోజులు రద్దయింది.
అన్‌స్ట్ దీవి మొత్తం సముద్రాన్ని తిట్టుకుంటుంటే
తలొంచుకుని కుట్లు లెక్కపెట్టుకున్నాను.
ఐదు టోపీలు.

నాకు నేర్పింది ఓస్లా మౌట్.
ఎనభై మూడేళ్ళు. ప్రతి గురువారం, ముందు సీటు.
నడుముకి తోలు పట్టీ, దాన్నిండా గుర్రపు వెంట్రుకలు,
పట్టీ బెజ్జంలో ఒక కొస గుచ్చి
కిటికీలోంచి గొర్రెల్ని చూస్తూ అల్లేది.
మా దగ్గర సూదులనరు, తీగలంటారు.
సూది గుచ్చుకునేది,
తీగ పాకేది.

నా మొదటి టోపీ చూసి
ఆవిడ నవ్వలేదు. అదే నా భయం.
సంచిలోంచి టర్నిప్ గడ్డ తీసి తొడిగింది.
గడ్డ మొత్తం మునిగిపోయింది.
"దీనికి బాగుంది.
వచ్చే వారం మనిషికి అల్లు."

అల్లాను.
అటూ ఇటూ తిప్పి చూసి, పోగు కొస పట్టుకుని
ఒక్క లాగు లాగింది.
వారం రోజుల నా కూడబెట్టు
రెండు స్టాపుల మధ్య మళ్ళీ ఉండయింది.
"ఏడో వరసలో ఒక కుట్టు జారింది."
"ఏడో వరస ఎవరు చూస్తారు?"
"చూడరు. బిడ్డ వేలు దూరుస్తుంది.
వాళ్ళ వేళ్ళు నీకు తెలియవు."

నిజమే. మా ఇంట్లో నేనూ, ఒక చెవిటి పిల్లీ.
మరి ఎవరికివి, అని అడుగుతారు బస్సులో.
దీవిలో ఎవరు కడుపుతో ఉన్నారో
డాక్టరుకన్నా ముందు డ్రైవరుకి తెలుస్తుంది,
మెట్టెక్కే తీరులో,
వెనక సీటు వదిలి ముందుకి జరగడంలో.
ఆ రాత్రే రంగు ఎంచుకుంటాను.
నోరు మాత్రం విప్పను.

అక్టోబరులో ఓస్లా ఎక్కినప్పుడు
నడుముకి పట్టీ లేదు.
వేళ్ళు కొయ్యబారాయంది,
రేపు వానట అన్నట్టు.
నా ఒళ్ళో కాగితం పొట్లం పెట్టి దిగిపోయింది.

పొట్లంలో పసి స్వెట్టరు.
రంగు అద్దని ఉన్ని, గొర్రె ఒంటి గోధుమ రంగే.
అడుగున అలల వరస.
ఎడమ చెయ్యి ఉంది.
కుడి చెయ్యి లేదు.

ఆవిడది వదులు, నాది బిగువు.
కుట్ల లెక్క అదే, తీగలు అవే,
అయినా నా చెయ్యి అరంగుళం పొట్టి.
విప్పాను. అల్లాను. విప్పాను.
మూడోసారి పళ్ళు బిగించకుండా అల్లాను,
నాలుగోసారి రేడియో పెట్టుకుని.
పావంగుళం దగ్గర మొండికేసింది.

తీసుకెళ్ళి చూపించాను.
ఓస్లా పోగు కొస కోసం తడిమింది.
వేళ్ళకి పట్టు చిక్కలేదు.
"పోనీలే," అంది.

ఆ మాట ఆవిడ నోట అంతకుముందు వినలేదు.
ఆ రోజు ఒక స్టాపు దాటేసి,
వెనక్కి తిప్పుకోవలసి వచ్చింది.

మార్చిలో రోనా ఎక్కింది, భుజాన నాలుగు నెలల పిల్ల.
అదే స్వెట్టరు.
ఒక మణికట్టు చలికి ఎర్రగా, పావంగుళం మేర.
రోనా ఏమీ అనలేదు. చూడలేదో, చూసి ఊరుకుందో.

పైనున్న అద్దంలో గమనిస్తూ నడుపుతున్నాను.
పిల్ల గుప్పిళ్ళు రెండూ ఎదురుగా పెట్టుకుని
చాలాసేపు ఆలోచించి
ఒక చెయ్యి నోట్లో పెట్టుకుంది,
మొదలంటా.

ముందు సీట్లో ఓస్లా వెనక్కి తిరగలేదు.
మెడ పట్టేసింది ఆవిడకి ఈ మధ్య.
"ఏ చెయ్యి?" అనడిగింది.

అద్దంలో కుడీ ఎడమా తారుమారు.
పైగా చొంగకి తడిసి
రెండూ ఒకటే నలుపు.

"ఆగు, చూసి చెప్తాను" అన్నాను.
పడవ వచ్చేసింది.