ముప్పై దాకా

శిక్షణలో రబ్బరు బొమ్మకి ఉల్లిపాయ వాసన లేదు.
ఈయనకి ఉంది.

తిబిలిసీ మెట్రోలో, ఎస్కలేటర్ దిగేచోట
వెల్లకిలా ఓ పెద్దమనిషి.
చుట్టూ బూట్లు. అన్నీ ఆగాయి, నావీ ఆగాయి.
ఎవరో ఒక డాక్టరు ఉండే ఉంటాడని
ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

గడియారాలు బాగుచేసే చేతులు నావి,
ఊపిరి తగిలితే ఎగిరిపోయే చక్రాలతో పని.
గట్టిగా నొక్కడం తెలీదు.

పదకొండో నొక్కుకి లోపల ఏదో పుటుక్కుమంది.
చెయ్యి వెనక్కి లాక్కున్నాను.
"ఎముక అతుక్కుంటుందిలే, నొక్కు" అంది
పొద్దుతిరుగుడు గింజలమ్మే నతేలా,
నాకంటే ముందే మోకాళ్ల మీద కూర్చుని
అంకెలు తప్పుగా లెక్కపెడుతూ.

అంబులెన్సు తీసుకెళ్లింది. బతికాడో లేదో.

కొట్లో ఇరవై గడియారాలు, ఇరవై వేళలు.
పట్టకారు పట్టుకుంటే
వేళ్లు ఇంకా
ముప్పై దాకా వెళ్లొస్తున్నాయి.