ముదురుపాకం

ఫోర్ట్స్‌హైమ్‌లో, ఎన్ట్స్ నది ఒడ్డున, తెల్లవారు షిఫ్టు.
వాల్‌ట్రౌట్ కొలిమి తలుపు తీసి
అచ్చుకు చుట్టిన తీగను లోపల పెడుతుంది.
ఐదువందల డిగ్రీలు, పది నిమిషాలు,
వెంటనే నీళ్ళలోకి.
సుయ్‌మని ఒక్క మాట. వంపు ఒంటబట్టింది.

ఇక మీ ఇష్టం, చల్లబరచి మెలిపెట్టండి, నలపండి,
నెత్తుటి వెచ్చదనం తగిలితే చాలు
లేచి తన వంపులో తాను కూర్చుంటుంది.

కొత్త కుర్రాడు యానిక్ నిన్న
ఒక చుట్టను నాలుగువందల దగ్గర మరిచిపోయాడు,
రాత్రంతా.
పైకేం తేడా లేదు, అదే మెరుపు, అదే తూకం.
లోపల నికెల్ మాత్రం
కంటికానని పలుకులుగా వేరుపడి
కాపురం పెట్టేసింది.

మనమైతే పాకం ముదిరిందంటాం.
ఆమెకా మాట లేదు, గడియారం ఉంది.

అరచేతిలో పెట్టి మూసింది.
పలకలేదు.
"పారేద్దామా?" అన్నాడు యానిక్.
ఆమె దాన్ని తన కాఫీలో వేసింది.
కాసేపు ఏమీ లేదు.
తర్వాత, నిద్ర చాలని మనిషిలా
ఒళ్ళు విరుచుకుంటూ
చుట్ట చుట్టయింది.

"మరవలేదు. ఎక్కువ వేడి అడుగుతోంది."

రిజిస్టరులో రాసింది: గుండెనాళాలకు పనికిరాదు.
చుట్టను తుడిచి జేబులో వేసుకుంది.
కాఫీ పారబోయడానికి లేచి,
ఎందుకో, తాగేసింది.