కిటికీ ఉన్న గదులు

బడిపంతులికి దస్తూరి బాగుంటుందని
పదేళ్లకోసారి ఊరి లెక్క నా మెడకే చుట్టేవారు.
పద్దెనిమిది వందల అరవై ఒకటి, ఏప్రిల్, సోమవారం.
సిరా గడ్డకట్టకుండా బుడ్డిని చంకలో దాచుకుని
ఫోగో బురద తొక్కుకుంటూ
జీతగాళ్ల ఇళ్ల వరసకి వెళ్లాను.

నిన్న రాత్రి ఈ ఇంట్లో ఎవరెవరు పడుకున్నారు?
ముందు అడగాల్సింది అదే.

ఆడమ్ పర్వెస్, గుర్రపు నాగలి. వయసు?
"ఎర్ర ఆడగుర్రం పుట్టిన ఏడు నాకు పదమూడు."
మిగతా కూడిక నేనే చేశాను.
భార్య యుఫీమియా, ఇరవై ఎనిమిది.
గ్రిజెల్, ఎనిమిది, పుట్టింది స్వింటన్‌లో.
నినియన్, ఐదు, విట్సమ్‌లో.
చంకలో మినా, లేడీకర్క్‌లో.
ఆ పిల్లల్ని వరసగా చదివితే చాలు,
ఏటా మే నెలాఖరున బండి ఎటు తిరిగిందో తెలుస్తుంది.

పెట్టెమంచం వెనక క్రిస్టియన్ డాడ్స్, పంతొమ్మిదేళ్ల పిల్ల.
నాగలివాడు తనతో ఒక ఆడకూలీని
తెచ్చి తీరాలని దొరతో ఒప్పందం.
చుట్టమా? కాదు. పనిమనిషా?
"ఎవరికి, మాకా?" అని ఎఫీ పడీపడీ నవ్వింది.
పనిమనిషి అని రాశాను.

గ్రిజెల్ బడికి పోతుందా?
పోతుంది, అన్నాడు తండ్రి, నా బూట్ల వైపు చూస్తూ.
బంగాళదుంపలు తవ్విన నాటినుంచి
ఆ పిల్ల బల్ల ఖాళీ అని నాకు తెలీదా?
విద్యార్థిని అని రాశాను.
దస్తూరి మాత్రం బాగా కుదిరింది.

చివరి గడి: కిటికీ ఉన్న గదులెన్ని.
"ఒకటి. కానీ కిటికీ మాది," అంది ఎఫీ.
"దొరది గోడ, గోడలో కన్నం.
చట్రం, నాలుగు అద్దాలు మావి. మొదటి చలికాలం ఈయన చేశాడు.
బండి మీద పరుపుల మధ్య పడుకుని మాతోనే వస్తుంది."
ఎవరిదని అడిగే గడి లేదమ్మా, అన్నాను.
"లేకపోతే గీసుకో."

మేలో చట్రం ఊడదీసి
బండి వచ్చేదాకా వాకిట్లో నిలబెడతారట.
పక్కన పిల్లల్ని నిలబెట్టి కత్తితో గాటు.
కిటికీని మించి ఎదిగినవాళ్లకి గాట్లుండవు,
టర్నిప్ చేలోకి పోతారు.

డెబ్బై ఒకటిలో మరో దొర, మరో వరస.
దూరాన్నించే పోల్చాను కిటికీని.
నాలుగో అద్దం సీసా అడుగులా ఆకుపచ్చ.
ఈ దొర తన కిటికీ తనే పెట్టించాడు గనక
అది బయట గోడకి చేరగిలబడి ఉంది.

ఇంటి పెద్ద: యుఫీమియా. వితంతువు. ముప్పై ఐదు.
పదేళ్లలో ఏడేళ్లే నడిచాయామెకి.
కూడిక రాక కాదు, ఊరుకున్నాను.
నినియన్, పదిహేను, నాగలి.
గ్రిజెల్ ఎక్కడో ఎవరి వంటింట్లోనో,
మరో పంతులి పద్దులో.
మినా, పది.
"ఇంకా..." అని ఎఫీ ఒక వేలు మడిచింది.
నిన్న రాత్రి పడుకున్నవాళ్లే, అన్నాను.
ఆమె వేలు మళ్లీ చాచింది.

బయటికొచ్చి చట్రం ముందు వంగాను.
మూడు వరసల గాట్లు నాకు తెలిసినవే.
ఎడమ అంచున నాలుగోది: మూడే గాట్లు,
మోకాలి దాకా వచ్చి
ఆ పైన ఒట్టి కర్ర.

కిటికీ ఉన్న గదులు?
"రెండు," అంది మినా, తల్లి నోరు తెరిచేలోపే.
ఒక్క గదే కదే పిల్లా.
అది మాట్లాడకుండా వాకిట్లోకి వేలు చూపించింది.

నియమం నాకు కంఠతా వచ్చు.
రెండు అని రాశాను.
ఎడిన్‌బరోలో ఎవడో గుమాస్తా
ఆ రెండుని మొత్తంలో కలిపి
గీత కింద గీత గీసే ఉంటాడు.