స్కోపు గాజు

పొదిలి డేరా హాలుకి తొలి స్కోపు బొమ్మ వచ్చిన రాత్రి
రీలు డబ్బాలు బస్సు దిగాయి,
గాజు దిగలేదు.
ఒంగోల్లోనే మరిచారంట.

జనం ఆగేట్టు లేరు.
మస్తానయ్య మామూలు గాజుతోనే వేశాడు.
హీరో మునక్కాడ.
చందమామ నిలబెట్టిన కోడిగుడ్డు.
నేల టిక్కెట్టంతా ఈలలూ నవ్వులూ.
సుబ్బరత్నం ఒక్కతే
"కరువు వాళ్ళూళ్ళో కూడా పడిందే, పాపం" అంది.
మూడేళ్ళుగా సజ్జ మొలవని ఏడాది అది.

మర్నాడు తువాల్లో చుట్టుకొచ్చాడు,
బాలింత చేతిలో బిడ్డలా.
బిగించి మెల్లగా తిప్పుతుంటే
నొక్కుకుపోయిన మనుషులు
ఊపిరి పీల్చి వెడల్పయ్యారు.
తెర చాల్లేదు,
సగం గుర్రం డేరా గుడ్డ మీద పరిగెత్తింది.
ఊరి పాతపేరు పృథులాపురి అంట,
పృథులమంటే వెడల్పని అయ్యవారు చెప్పింది
అప్పుడు గుర్తొచ్చింది నాకు,
రెండు పంచెలు తెరకి అతికించి కుడుతుంటే.

యుద్ధంలో ట్యాంకులోంచి చూడ్డానికి
ఎవరో పరదేశి నూరిన గాజంట ఇది.
మస్తానయ్య మాట, నిజమో కోతో.

రీలు చుట్టే కుర్రాణ్ణి, నాకు తెలిసిందింతే:
ఎక్కడో ఎవడో
లోకాన్ని నొక్కి నొక్కి
రెండు వేళ్ళ ఫిల్ములో కుక్కి పంపాడు,
విప్పేవాడొకడు
పొదిల్లో ఉంటాడని.