నూటముప్పై మీటర్లు

గుంతకల్లు స్టేషన్ రోడ్డులో
నెట్ సెంటర్ షట్టరు సగం దించుకుని కూర్చున్నా.
తీగ ఒక కొస కంప్యూటర్లో,
ఇంకో కొస, అరచేతిలో ఇమిడే పసుపుపచ్చ జీపీఎస్‌లో.

నెట్టికల్లు ఇచ్చిపోయిన వస్తువు అది.
గాలిమరల సర్వేలో కొండలెక్కీ దిగీ
మీటల మీద అక్షరాలు అరిగిపోయినాయి.
బ్యాటరీ మూత ఊడితే
సైకిల్ ట్యూబు కోసి కట్టినాడు.
పోతా పోతా చెప్పినాడు:
"నాలుగు చోట్ల నాలుగు డబ్బాలు దాచినా హుసేనమ్మా,
దొరికితే ఒకటి తీసుకో, ఒకటి పెట్టు.
ఊరికే తీసుకుంటే అది ఆట కాదు."

'పంపు' నొక్కినా.
'పరికరం కనబడలేదు' అంది తెర.
నా చేతిలోనే ఉందే!
తీగ పీకి, ఊది, కొంగుతో తుడిచి మళ్లీ గుచ్చినా.
ఆకుపచ్చ గీత కదిలింది,
ఔటర్లో సిగ్నల్ దొరికిన గూడ్సు బండి మాదిరి.
ఒకటి పోయింది. రెండు. మూడు.
నాలుగోదానికి కరెంటు పోయింది.

పోతే పోనీ,
బిల్లు వెనక రాసుకున్నవి ఉన్నాయి కదా.
పదిహేను డిగ్రీలు ఉత్తరం,
డెబ్బై ఏడు తూర్పు,
నిమిషాలు, చుక్క, చుక్క తర్వాత మూడంకెలు.
సెల్‌ఫోన్ వెలుతురులో ఒక్కొక్కటే నొక్కి ఎక్కించినా.
మూడు తీగెక్కి పోయినాయి,
ఒకటి నడిచి పోయింది.

వజ్రకరూరు చేలల్లో
తొలివాన పడి రెండు దినాలు.
ఎర్రమట్టి చెప్పుకింద ఇంకో చెప్పై లేస్తా ఉంది.
మూడు డబ్బాలు మధ్యాన్నానికే దొరికినాయి.
మూడిట్లో మూడు పెన్నులు పెట్టొచ్చినా.
నాలుగోదానికి బాణం చూపినచోట
డబ్బా లేదు. మనుషులున్నారు.
ముప్పైమంది, నడుములు వంచి,
ఒక్కో గులకరాయినీ ఎండకు తిప్పి చూస్తా.

ఒకామె తలెత్తింది.
ప్యాపిలి నుంచి వచ్చిందంట, సుంకులమ్మ.
"అది వజ్రాలు చూపే మిషనా?"
అన్ని తలలూ లేచినాయి.
కాదక్కా, మనం యాడుండామో చెప్తుంది.
"యాడుండానో నాకు తెల్సులే.
నువ్వేం వెతుకుతాండావు?"
డబ్బా.
"దాంట్లో ఏముండాది?"
తెలీదు.

"నాకంటే పిచ్చిది దొరికిందే!" అని
పక్కామెను పిల్చి చూపించింది.
జొన్నరొట్టె తుంచి సగం నాకిచ్చింది.

రొట్టె నములుతా మీటలు నొక్కుతా ఉంటే
ఎక్కడో లోలోపలి పేజీలో దొరికింది తప్పు.
ఇది ఇంకా పాత ఇండియా కొలతలోనే ఉంది,
దొరలు గొలుసులీడ్చి కొలిచిన భూమినే
ఇంకా నమ్ముకోనుంది.
తీగలో పోయిన అంకెలకు ఆ బాధ లేదు.
నా చేత్తో ఎక్కించింది మాత్రం
పాత భూమ్మీద పడింది.
మార్చినా.
బాణం గిర్రున తూర్పుకి తిరిగింది.
నూటముప్పై మీటర్లు.

"నాలుగేండ్లు ఇదే చేన్లో వెతుకుతాండా.
నాకూ ఆ మీట నొక్కి చూడు" అంది సుంకులమ్మ.

నవ్వుతాందేమో అని చూసినా.
నవ్వడం లేదు.

కంది మోళ్లు దాటి గట్టుమీద రాళ్లకుప్ప.
వెంటే వచ్చింది. రాళ్లు తనే తీసింది.
పాలపొడి డబ్బా. లోపల
ప్లాట్‌ఫారం టికెట్టు, గొలుసుగా గుచ్చిన పిన్నీసులు,
చెమ్మకు ఉబ్బిన చిన్న పుస్తకం.
టికెట్టు నేను తీసుకున్నా.
పెట్టడానికి ఏమీ మిగల్లేదు.

సుంకులమ్మ కొంగు ముడి విప్పి
గులకరాళ్లలో ఒకటి ఏరింది.
"షావుకారి వద్దన్నాడు దీన్ని.
ఉండనీ. ఎవరికో ఒకరికి నచ్చుతుంది."
ఒక పిన్నీసు గాజుకు తగిలించుకుంది.
పుస్తకంలో నా పేరు కింద
ఎర్రమట్టి బొటనవేలు ఒత్తింది.

తెరమీద దూరం సున్నా.
బాణం అటు తిరిగి, ఇటు తిరిగి,
మా ఇద్దరి చుట్టూ తిరిగింది.
"దానికేమైంది?"
చేరినాం కదా, దిక్కు తెలీదింక.

"నాకు పనుండాది," అని
తట్ట తీసుకుని చేన్లోకి నడిచింది.