ముప్పై ఏడోది

డ్రాయింగు పీరియడ్‌లో ఖాశిం మాస్టారు
చాక్‌పీసు పక్కన పెట్టి, సంచిలోంచి కెమెరా తీశాడు.
"ఈ ఏడు బడి పత్రికకి ఫోటోలు మనమే తీద్దాం.
స్టూడియోకిచ్చే డబ్బుతో రీళ్లు కొనొచ్చు.
ఎవరు తీస్తారు?"
నా చెయ్యెందుకు లేచిందో
నాకిప్పటికీ తెలియదు.

మార్కాపురం, తొమ్మిదో తరగతి, బి సెక్షను.

మొదటి రీలు ఖోఖో ఫైనలుకి.
తర్లుపాడు వాళ్లమీద ఒక్క పాయింటుతో గెలిచాం.
ముప్పై ఆరుసార్లు నొక్కాను,
మెడలో పట్టీ కోసుకుపోతున్నా దించలేదు.
ఓబులేసు స్టూడియోలో రీలు కడిగి తీగకి వేలాడదీస్తే
ఈ కొసనుంచి ఆ కొసదాకా
నీళ్లలా ఉంది.
"పళ్లచక్రానికి తగిలించలేదమ్మాయ్.
రీలు కూచున్నచోటే కూచుంది,
నువ్వొక్కదానివే ఆట చూశావు."

ఆ రాత్రి పాత రీలుముక్క ఒకటి అడుక్కొచ్చి
కళ్లు మూసుకుని ఎక్కించడం నేర్చుకున్నాను,
జడ అల్లుకున్నట్టు, వేళ్లతోనే.
మండుటెండకి పదహారు, చెట్టునీడకి ఐదున్నర,
వరండాలో నాలుగు.
ఎక్కాల్లా వల్లెవేస్తుంటే
అమ్మ అడిగింది, ఏం బేరమే అదీ అని.

ఎర్రబల్బు కింద మొదటిసారి
నెగెటివ్‌లో పెద్ద టీచరమ్మ మొహం చూసి జడుసుకున్నా.
ఓబులేసు నవ్వాడు.
"పలకలు చేసే ఊళ్లో పుట్టి దీనికి భయపడతావా?
నల్లటిమీద తెల్లటి అక్షరం దిద్దలా నువ్వు?
ఇదీ అంతే, ఎలుగు రాసిన పలక."

ఆఖరి రీలుకి లెక్కలన్నీ పెద్ద టీచరమ్మ నోటుబుక్కులో:
తరగతికి రెండు, ఆఫీసుకి ఒకటి,
ముఖ్య అతిథికి ఆరు, ఆయన దండకి వేరే ఒకటి,
తాగునీటి ట్యాంకు దాత పేరు కనపడేట్టుగా ఇంకోటి.
ముప్పై ఆరూ సరిపోయాయి.

సాయంత్రం స్టూడియోకి పోతుంటే
ఊరికే మీట లాగి చూశాను.
కదిలింది.
పొదుపుగా ఎక్కిస్తే రీలు
ఒకటి ఎక్కువిస్తుందని అప్పుడే తెలిసింది.
ఎవరి నోటుబుక్కులోనూ లేనిది, నాది.

రోడ్డువార పలకల ఫ్యాక్టరీ. రేకుల షెడ్డు.
అర్ధసంవత్సర పరీక్షలదాకా నా పక్క బల్లమీద కూచున్న గాలెమ్మ
రంపం దగ్గర కూచోనుంది.
రోల్ నంబరు ఇరవై మూడు.
జనవరిదాకా పిలిచారు, తర్వాత ఎర్రసిరాతో కొట్టేశారు.
"ఫోటోనా? ఈ అవతారంలోనా?" అని
మొహం తుడుచుకోబోయి
చెయ్యి ఇంకా దుమ్ముగా ఉందని మానుకుంది.
షెడ్డులో వెలుతురుకి ఏ ఎక్కమూ పనిచెయ్యలేదు.
రేకుకి పడిన చిల్లులోంచి ఒక్క గీత ఎండ,
అది ఆమె నెత్తిమీదికి జరిగేదాకా
ఊపిరి బిగబట్టి ఆగాను.
మేస్త్రీ కేకేశాడు. అప్పటికే నొక్కేశాను.

ప్రింటు చూసి పెద్ద టీచరమ్మ
కళ్లజోడు పైకి జరుపుకుంది.
"ఈ ముసలామె ఎవరు? పత్రికలో ఎందుకు?"
మాస్టారు నావైపు చూశాడు.
నేను చెప్పాను.
ఆమె కాసేపు ఏం మాట్లాడలేదు.
తర్వాత, పేజీలు నిండిపోయాయి అంది.

ఏప్రిల్లో పత్రిక వచ్చింది.
ఖోఖో జట్టు ఫోటో బ్లాకు తిరగేసి అచ్చేశారు,
'ఎడమ నుంచి కుడికి' చదివితే
అందరూ ఇంకొకళ్ల పేర్లతో నవ్వుతున్నారు.
కొట్టుకున్నాం, నవ్వుకున్నాం,
పేర్లు కొట్టేసి పెన్నుతో రాసుకున్నాం.

ప్రింటు గాలెమ్మకే ఇచ్చాను.
చూసి, "మా జేజిలా ఉన్నానే" అంది,
రవికెలో దోపుకుంది.

నెగెటివ్ నా దగ్గరుంది.
చెల్లని ప్రామిసరీ నోట్ల మధ్య, బటరు పేపర్లో.
అప్పుడప్పుడు కిటికీకి అడ్డం పెట్టి చూస్తాను.
దుమ్మంతా అందులో నలుపవుతుంది.
కనుబొమలు నల్లగా,
రెప్పలు నల్లగా,
జుట్టు,
పద్నాలుగేళ్ల పిల్లకి ఎంత నల్లగా ఉండాలో అంత.